సిర లోపలి పొర

తారకేశ్ కుట్లు వేస్తుంటే నర్సులు కూడా ఆగి చూసేవాళ్లు. రక్తనాళాల ఆపరేషన్లు నేర్చుకోవడానికి కడపలో డాక్టర్ నఫీసా దగ్గర చేరి ఏడాదైంది. ఈ మధ్య తన కుట్లు మేడమ్ కుట్లకంటే సన్నగా పడుతున్నాయని అతనికి అనిపిస్తోంది.

అయినా ఓబులమ్మ చేయి మాత్రం అతనికి లొంగలేదు.

ఓబులమ్మ బస్టాండు ముందు దోసెలు పోస్తుంది. కిడ్నీలు పాడై డయాలసిస్‌కు వస్తోంది. ఆ లావు సూదులు దిగేంతగా సిర ఉబ్బాలంటే, చేతిలో దాన్ని ధమనికి కలిపి కుట్టాలి. తారకేశ్ రెండుసార్లు కుట్టాడు. రెండుసార్లూ తెల్లారేసరికి అతుకు దగ్గర రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయింది. ఆ చేతిలో ఇక మోచేతి దగ్గర ఒక్క చోటే మిగిలింది.

“ఈసారన్నా పారుతాదా సార్? నా పిండి పులిసేలోపల గడ్డ కట్టేస్తాండాది!” అని ఓబులమ్మ నవ్వింది.

తారకేశ్‌కు నవ్వు రాలేదు. నేరుగా మేడమ్ గదికి వెళ్లాడు.

“ఆమె రక్తంలోనే ఏదో దోషముంది మేడమ్. నా కుట్లలో తప్పు లేదు.”

“కుట్లు బాగానే ఉన్నాయి,” అంది నఫీసా. “ఏదీ, ఇది కుట్టు.”

మాంసం కొట్టు నుంచి అప్పుడే తెప్పించిన మేక సిరను రెండు ముక్కలు చేసి బల్లమీద పెట్టింది.

అతను ఫోర్సెప్స్ అనే సన్నటి పట్టకారుతో సిర అంచును గట్టిగా పట్టుకుని ఎనిమిది కుట్లు వేశాడు. ముత్యాల్లా కుదిరాయి. ఆమె కత్తెరతో సిరను నిలువునా చీల్చి పరిచింది. తన చేయి చాపి, అతనితోనే సిరంజితో కాస్త రక్తం తీయించి దానిమీద పోసింది. రెండు నిమిషాలు గడియారం చూసి, సెలైన్‌తో కడిగింది.

రక్తం జారిపోయి సిర తడిగా మెరిసింది. కుట్ల పక్కన, ఫోర్సెప్స్ పళ్లు దిగిన చోటల్లా, ఎర్రటి చుక్కలు నిలిచాయి. మళ్లీ కడిగింది. పోలేదు.

“లోపల ఒక్క వరస కణాలు పరుచుకుని ఉంటాయి,” అంది. “అవి బాగున్నంతసేపు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. అవి చెదిరితే అక్కడ గాయమైందని రక్తానికి తెలిసిపోతుంది. అప్పుడు దాని పని అది చేస్తుంది.”

తారకేశ్ ఆ చుక్కలు లెక్కపెట్టాడు. పదహారు.

“మరి ఓబులమ్మ రక్తంలో దోషం?” అని అడిగింది నఫీసా, నవ్వు ఆపుకుంటూ.

“మంచి రక్తం మేడమ్,” అన్నాడు తలవంచుకుని.

గురువారం ఓబులమ్మకు మళ్లీ ఆపరేషన్. ఈసారి సిరను పైపొర దగ్గర మాత్రమే, అంటీ అంటనట్టు పట్టుకున్నాడు. రెండు కుట్లు వంకరగా పడ్డాయి. పక్కనే నిలబడిన నఫీసా వాటిని చూసి, కానివ్వమన్నట్టు తలూపింది.

మర్నాడు పొద్దున ఓబులమ్మ తన మోచేతి మీద అరచేయి పెట్టుకుని కళ్లు పెద్దవి చేసింది.

“లోపల తేనెటీగ దూరినట్టు ఝుమ్మంటాండాది సార్! ఏం చేసినారు ఈసారి?”

తారకేశ్ అక్కడ వేలు ఆనించి, రక్తం జోరుగా పారుతున్న అదురు చూశాడు.

“కొంచెం తక్కువ ముట్టుకున్నానమ్మా.”