రెండో పూత

తిప్పమ్మవ్వ మఠంలో చేరి మూడేళ్లయినా ఓబన్నకు ముక్కు మీది కోపం పోలేదు. అతనైతే అలాగే అనుకుంటున్నాడు. మొన్నటికి మొన్న, పాలలో నీళ్లు కలిపాడని పాలు పోసే రంగప్ప మీద వీధంతా వినబడేట్టు అరిచాడు. సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పి వచ్చాడు గానీ, అది అతని లెక్కలోకి రాలేదు.

ఇంతలో భార్య సుంకులమ్మ నుంచి కబురొచ్చింది. పై గురువారం మఠానికి వస్తుందట. మూడేళ్ల కిందట కూరలో ఉప్పు ఎక్కువైందని అతను విసిరిన చెంబు పోయి కూతురి నుదుటికి తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. సుంకులమ్మ ఆ రోజే పిల్లను ఎత్తుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. మారిన మనిషివని నా కంటికి కనబడితేనే కాపురం అని చెప్పి మరీ వెళ్లింది.

ఓబన్నకు ముద్ద దిగలేదు. వంటింట్లో పప్పు ఎనుపుతున్న అవ్వ దగ్గరికి వెళ్లి గడప మీద కూలబడ్డాడు.

"అవ్వా, మూడేండ్లు నువ్వు చెప్పిందంతా చేస్తి. లోపల మాత్రం అదే ఓబన్న ఉన్నాడు. ఆమె వస్తే ఏం చూపించేది?"

అవ్వ తలెత్తి అతన్ని కాదు, గోడల్ని చూసింది. నలభై ఏళ్ల కట్టెల పొగ తాగిన గోడలవి. పట్టపగలు కూడా దీపం పెడితే గానీ ఉప్పు డబ్బా కనబడదు.

"ఈ ఇంటికి సున్నం కొట్టు," అంది.

ఓబన్న ప్రాణం లేచొచ్చింది. కంటికి కనబడేది ఏదో ఒకటి ఉంటుంది కదా. ఆలస్యం అమృతం విషం అనుకుంటూ ఆ మధ్యాహ్నమే సున్నం కలిపి, కిత్తనార కుంచె పట్టుకుని గోడ మీద పడ్డాడు. మసి గీకడాలూ కడగడాలూ ఎందుకు, తెలుపు వేస్తే నలుపు అదే పోతుందని అతని నమ్మకం. మొదటి పూత వేసినా గోడ నల్లగానే ఉంది. తడి ఆరకముందే దాని మీద ఇంకోటి వేశాడు. అదీ చాలలేదు. చివరికి సున్నాన్ని దోసెపిండంత చిక్కగా కలిపి నాలుగు పూతలు ఎక్కించి, భుజం నొప్పితో పడుకున్నాడు.

పొద్దున తలుపు తీస్తే సున్నమంతా పెచ్చులు పెచ్చులుగా రాలి నేల మీద ఉంది. రాలనిచోట మసి పసుప్పచ్చ చారలుగా బయటికొచ్చింది. ఓబన్న బొక్కెనను ఒక్క తన్ను తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి వాకిట్లో అవ్వ కాళ్ల దగ్గర ఆగింది.

అవ్వ వంగి బొక్కెనను నిలబెట్టి, పెరట్లోంచి రెండు ఇనుప రేకులు తెచ్చి, ఒకటి అతని చేతిలో పెట్టింది. రెండోదానితో తానే గోడ గీకడం మొదలుపెట్టింది. డెబ్బై ఏళ్ల ముసలమ్మ గీకుతుంటే నిలబడి చూడటానికి ఎవరికైనా సిగ్గుంటుంది. ఓబన్నకూ ఉంది.

ఒక రోజంతా గీకారు. మరో రోజు సోడా నీళ్లతో కడిగారు. వంట వాకిట్లోకి, మూడు రాళ్ల మీదికి మారింది. కడిగిన నీళ్లు నల్లగా కాలవ కట్టి పారడం ఆగాక, మంగళవారం నాడు అవ్వే బంక వేసి సున్నం కలిపింది. మజ్జిగ కంటే పలుచగా ఉంది. ఒకే ఒక్క పూత వేయించింది.

"అవ్వా, ఇది గోడకు నీళ్లు పోసినట్టుంది," అని ఓబన్న గొణిగాడు.

అవ్వ కుంచె లాగేసుకుని, తలుపుకు గొళ్లెం పెట్టి, చేటెడు వేరుశనక్కాయలు అతని ముందు పెట్టింది. ఒలుస్తూ ఒలుస్తూ అతను గోడ ఆరిందేమో చూడ్డానికి లేచాడు. తిరిగొచ్చేసరికి అవ్వ చేటలో ఇంకో దోసెడు కాయలు పోసేసింది. మళ్లీ లేచాడు, మళ్లీ దోసెడు పడ్డాయి. మూడోసారి లేవలేదు.

బుధవారం పొద్దున గోడలు బూడిద తెలుపులో ఉన్నాయి. పాలలా లేవు, నిజమే. కానీ చెయ్యి పెట్టి రుద్దినా ఏమీ అంటలేదు. ఓబన్న చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. వెంటనే రెండో పూత అందుకున్నాడు.

కుంచె వెళ్లినచోటల్లా పొద్దుటి తెలుపు మాయమై, అడుగున ఉన్న నలుపు పైకి తేలింది. నాలుగు గోడలూ అయ్యేసరికి ఇల్లు మళ్లీ మొదటికొచ్చినట్టే కనబడింది. ఓబన్న చెవులు వేడెక్కాయి. కుంచె పిడి మీద వేళ్లు బిగుసుకున్నాయి. బొక్కెన వైపు ఒకసారి చూశాడు. తర్వాత కుంచె కడిగి మేకుకు తగిలించి, తలుపుకు తానే గొళ్లెం పెట్టి, వచ్చి చేట ముందేసుకున్నాడు.

చేట సగం కాకముందే సుంకులమ్మ వచ్చింది. చెప్పిన రోజుకు వస్తే సింగారించుకుని కూర్చుంటాడని, ఒక రోజు ముందే ఒక్కతే బస్సెక్కింది. అవ్వ కాళ్లకు దండం పెట్టి, తడి సున్నం వాసనకు వంటింటి తలుపు తీసి చూసింది.

"నువ్వు చేసిన పని ఇదేనా? మసి మసి మాదిరే ఉంది గదా."

అని, పాత అలవాటు కొద్దీ ఒక అడుగు వెనక్కి వేసింది. వాకిట్లో పొయ్యి దగ్గర అవ్వ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

ఓబన్న లేచి వచ్చి గోడ వైపు చూశాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

"అవును సుంకులా, ఇప్పుడు చూస్తే అట్లే ఉంది. తడి మీదుంది. రేపు పొద్దున చూడు."

అని చెప్పి, వెళ్లి మళ్లీ కాయలు ఒలవడంలో పడ్డాడు.

సుంకులమ్మ గోడ సంగతి మరిచిపోయింది. అతని మొహంకేసే చూస్తూ నిలబడింది. మలుపులో ఆఖరి బస్సు హారన్ కొట్టింది, కాసేపు ఆగింది, వెళ్లిపోయింది. అప్పుడు ఆమె సంచి అరుగు మీద పెట్టి, చేటకు అటు పక్కన కూర్చుని, గుప్పెడు కాయలు తీసుకుంది.

"ఐతే రేపు పొద్దున చూసే పోతా," అంది.

అవ్వ పొయ్యి విసురుతూ వాకిట్లోంచి పిలిచింది.

"ఓబన్నా, ఎసట్లో ఇంకో దోసెడు రాగిపిండి వెయ్యి."