కుర్చీలో పెట్టిన మైకు

ముక్తేశ్వరంగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు "కూర్చో" అంటారు. ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పరు. గొంతుకు ఆపరేషను అయ్యాక ఆ ఒక్క మాట కూడా పక్కవాడికి వినపడీ వినపడనట్టుగా వస్తోంది. పాలకొల్లులో ఒక మేడమీది హాల్లో ఏళ్ల తరబడి పురాణం చెప్పిన గొంతు అది.

శిష్యుడు ఫణీంద్ర ఆ గొంతును పోనివ్వదలచుకోలేదు. పాత ప్రసంగాల రికార్డులన్నీ పోగుచేసి, ఒక హోం థియేటర్ రిసీవరూ, దానికి తగిన స్పీకర్లూ కొని హాల్లో అమర్చాడు. వేదిక మీద గురువుగారి ఖాళీ కుర్చీ, దాని మీద ఆయన శాలువా. సాయంత్రం కాగానే ఆయన మాట. ఫణీంద్ర కుర్చీ పక్కనే కూర్చుని, కళ్లు మూసుకుని, తల ఊపుతూ వినేవాడు. మొదట్లో హాలు నిండేది. పోను పోను జనం పలచబడ్డారు, పరిచిన చాపలు మళ్లీ చుట్టి మూల పెట్టడం మొదలైంది.

ఒక సాయంత్రం అతను గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"జనంలో శ్రద్ధ పోయిందండి. ఈ శుక్రవారంతో ఆపేద్దామనుకుంటున్నాను. మీ మాట గోడలకు వినిపించడం నావల్ల కావట్లేదు. లోపం వాళ్లదా, మిషనుదా, మీరే చెప్పాలి."

"కూర్చో," అన్నారు ముక్తేశ్వరంగారు. "మిషను సంగతి చెప్పు."

అడగడమే ఆలస్యం. సంబంధం కుదిర్చే పెద్దమనిషి పెళ్లికొడుకు గురించి చెప్పినట్టు చెప్పాడు ఫణీంద్ర. మంచి బలమున్నది, ఫోనైనా పాత సీడీ అయినా కాదనదు, వచ్చినదాన్ని ఏ స్పీకరుకు ఎంత ఇవ్వాలో పంచిపెడుతుంది. అన్నిటికన్నా గొప్పది దానితో వచ్చిన చిన్న మైకు. వినేవాడు కూర్చునే చోట దాన్ని పెడితే, రిసీవరు ఒక్కో స్పీకరులోంచి కూత పెట్టి, ఏది ఎంత దూరమో కొలుచుకుని, తనంతట తనే హెచ్చుతగ్గులు సర్దుకుంటుంది. లోపాలు కూడా దాచలేదు. గాలి తగలకపోతే కాగిపోతుంది. రిమోటు మీద బొత్తాలు మరీ ఎక్కువ, పొరపాటున ఒకటి నొక్కితే పని మళ్లీ మొదటికి వస్తుంది. "ఇంతకు మించి వంక పెట్టడానికి లేదండి," అన్నాడు.

ముక్తేశ్వరంగారు లేచి హాల్లోకి వెళ్లారు. వేదిక ఎక్కకుండా, చెప్పులు విడిచే గుమ్మం దగ్గర, రోజూ వినడానికి వచ్చే బంగారమ్మగారి చాప మీద ఓ పక్కగా కూర్చున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, వీపుకు గోడ కావాలి, అందుకని ఎప్పుడూ అక్కడే. గురువుగారు అలా చెప్పుల పక్కన నేల మీద కూర్చోవడం ఫణీంద్రకు మనసొప్పలేదు. అయినా రికార్డు పెట్టి, వచ్చి ఆయన పక్కన చేరాడు. ఆ హాల్లో అతను వెనక కూర్చోవడం అదే మొదటిసారి.

పడవవాడి కథ మొదలైంది. వెనక స్పీకర్లలోంచి తంబురా హోరుమంటోంది. రికార్డులో పడ్డ ఏనాటివో దగ్గులు చెవి పక్కనే వినపడుతున్నాయి. గురువుగారి గొంతు మటుకు పక్కవీధిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టుంది. పడవ ఏరు దాటిందో మునిగిందో తెలియలేదు.

"రోజూ ఇంతేనా బంగారమ్మగారూ?" అన్నాడు ఫణీంద్ర.

"ఇంతే బాబూ. దగ్గులు బాగానే వినపడతన్నాయి. మాటే అందట్లేదు."

"మరి ఒక్కనాడూ చెప్పలేదేమండి?"

"నువ్వు ముందర కూచుని తలాడిస్తా ఉంటావు కదా. మా చెవులే పాడయ్యాయనుకున్నాం. ఎవరి చెవులు వాళ్లు తిట్టుకుని ఇళ్లకు పోయారు మావాళ్లు."

ఫణీంద్ర ముఖం చిన్నబోయింది. శ్రద్ధ లేదని తను నిందించింది వీళ్లనే.

"కొలిచే మైకు ఎక్కడ పెట్టావు?" అన్నారు గురువుగారు.

"మీ కుర్చీలోనండి. ఇంకెక్కడ పెడతాను?"

మాట వినిపించే ముందు స్పీకరు కుర్చీకి ఆనుకునే ఉంది. వినేవాడు ఇంత దగ్గర ఉన్నాడు కదా అని రిసీవరు దాని గొంతు తగ్గించింది, వెనకవి దూరమని పెంచింది. పాపం, దాని పని అది సరిగ్గానే చేసింది. ఎవరూ కూర్చోకూడని ఆ ఒక్క చోట శబ్దం అద్భుతంగా కుదిరింది.

ఫణీంద్ర మైకు తెచ్చి, ఒక ఎత్తు పీట మీద బంగారమ్మగారి చెవి ఎత్తున పెట్టాడు. చప్పుడు చేయొద్దంటే ఆవిడ ఊపిరి కూడా బిగబట్టింది. మిషను మూలమూలనుంచీ కూతలు పెట్టి ఊరుకుంది. కథ మళ్లీ మొదలైంది.

"ఆవలి ఒడ్డు నుంచి ఎవరో పిలుస్తున్నారు," అంది ఆ గొంతు, ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు. "పడవవాడు తెడ్డు ఆపి, చెవి ఒగ్గాడు."

బంగారమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అయ్యగారు వచ్చారు," అంది, అయ్యగారు పక్కనే ఉన్నా. కాసేపటికి, "శుక్రవారం మావాళ్లందర్నీ తీసుకొస్తాను. మీ చెవులకేం కాలేదర్రా అని చెప్పాలి," అంది.

ఫణీంద్ర తేలికగా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే మిషనులో లోపం లేదన్నమాటేనండి."

"ఉంది," అన్నారు ముక్తేశ్వరంగారు. "ఎక్కడ పెడితే అక్కడినుంచే వింటుంది."

ఫణీంద్ర తల ఊపి, అలవాటు కొద్దీ కుర్చీ పక్కన తన చోటుకు వెళ్లబోయాడు. గురువుగారు చాప మీద తన పక్కన చెయ్యి వేశారు.

"కూర్చో," అన్నారు.