పై ఇల్లు లేని చోటు

అనగా అనగా పగడాలపురాన్ని ఏలే ఒక రాజు. ఆ రాజుకి ఒక్కగానొక్క కొడుకు కుందనవర్మ. పిల్లవాడు వెన్నలాంటి వాడే గాని, కాస్త బద్ధకం.

కోట వీధిలోకి రోజూ సూరవ్వ అనే ముసలమ్మ, మనవరాలు చెంగల్వను వెంటబెట్టుకుని "మాదాకవళం తల్లీ" అంటూ వచ్చేది. పెట్టేవాళ్ళు పెట్టేవారు. పెట్టనివాళ్ళు "చెయ్యి ఖాళీ లేదు, పై ఇంటికెళ్ళు" అనేవారు. అందరూ అనే మాటే కదా! ఒకనాడు కుందనవర్మ కూడా పాచికల మీంచి తలెత్తకుండా ఆ మాటే అన్నాడు. ఆనాడు ఊరు ఊరంతా అదే మాట అంది. పాపం సూరవ్వ పై ఇంటికి వెళ్ళింది, ఆ పై ఇంటికి వెళ్ళింది, ఊరే దాటిపోయింది.

మర్నాడు సూరవ్వ రోజూ ఇచ్చే "చల్లగా ఉండు నాయనా" అనే దీవెన వినపడక రాకుమారుడికి ముద్ద దిగలేదు.

"నాన్నగారూ, నేనే పంపేశాను. నేనే తీసుకొస్తాను" అని మూడు మూటల అటుకులు కట్టుకుని బయల్దేరాడు.

దారిలో ఒక కాకి "ఆకలి బాబూ" అంది. "చెయ్యి ఖాళీ..." అనబోయి రాకుమారుడు నాలిక్కరుచుకున్నాడు. "కూర్చో. నీ పేరేంటి?" అని మొదటి మూట విప్పాడు.

కాకి తిని, "పై ఇంటికి పొమ్మంటే, పోగా పోగా చేరేది ఏడు సముద్రాల అవతల జటామాలి మాంత్రికుడి ఇంటికే. వచ్చినవాళ్ళని వాడు రాళ్ళు చేస్తాడు. వాడి ప్రాణం చిలకలో ఉంది" అని చెప్పింది.

ఒడ్డున తాబేలు అడిగితే రెండో మూట విప్పాడు. అది అతణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

మాంత్రికుడు నిద్రలో ఉన్నాడు. గుమ్మానికి వేలాడే పంజరంలో చిలక, "ముత్యాలు పోస్తాడు గాని ముద్ద పెట్టడు" అని ఏడ్చింది. రాకుమారుడికి కడుపు నకనకలాడుతోంది. ఉన్నది ఒక్క మూట. అయినా విప్పి తినిపించాడు. పంజరం తెరవగానే చిలక అతని భుజమెక్కింది.

మాంత్రికుడు ఉలిక్కిపడి లేచాడు. "నా చిలక! చంపకు బాబూ!"

"చంపను. రాళ్ళన్నిటినీ మనుషుల్ని చెయ్యి. మంత్రాలు వదిలెయ్యి."

వాడు మంత్రం వదలగానే రాళ్ళు మనుషులయ్యాయి, మాయామహలు కరిగిపోయింది. జటామాలి ఉత్త ముసలివాడై ఇసుకలో కూలబడ్డాడు. ఆకలి తెలిసొచ్చింది. అడగడం రాక చెయ్యి మాత్రం చాచాడు.

మనవరాలితో పాటు రాళ్ళలోంచి లేచిన సూరవ్వ వాడివంక చూసింది. చిలక తినగా మిగిలిన గుప్పెడు అటుకులు రాకుమారుడి చేతిలోంచి తీసుకుంది. "ముందు కూర్చో అయ్యా" అని వాడి దోసిట్లో పోసింది. కుందనవర్మకి కళ్ళు చెమర్చాయి.

"మా అవ్వంతే" అని చెంగల్వ నవ్వింది. "ఇంతకీ ఈసారి తలెత్తి చూశారే!"

చూసినవాడు మరి చూపు తిప్పుకోలేదు. పగడాలపురంలో వాళ్ళిద్దరికీ ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. జటామాలి వడ్డన చేశాడు. వాళ్ళు ఏలినన్నాళ్ళూ ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు పెట్టేవారు. లేనివాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఇవాళ లేదు పిన్నీ, రేపు తప్పకుండా రా" అనేవారు. పై ఇంటికి పొమ్మన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.