వంత తీసేసిన పాట

ఆ నెలంతా విఠల్ కాలు ఒక్కకాడ నిలవలె. మఠంల కూసుంటే ఫోన్ చూస్తడు, ఫోన్ పక్కకు పెట్టి లేస్తడు, గడప దాక పోయి మళ్లొస్తడు. అన్నం పెడితే కలిపి వదిలేస్తడు. మఠంల వంట చూసుకునేది నేనే కాబట్టి వాడి సంగతి అందరికన్న ముందుగాల నాకే తెలిసింది.

“ఎవరన్న తరుముతున్నరారా నిన్ను?” అని అడిగిన.

“నెలాఖరుకు పాటలు పోతయి శరణక్కా” అన్నడు.

పాటలంటే పెద్దస్వామి పాటలు. ఇప్పుడు మఠంల గురువుగ ఉన్న మా అయ్య మొగులప్పకు ఆయన గురువు. తాండూరు అవతల, నాపరాతి గనుల నడుమ ఉన్న ఈ మఠంల పొద్దుగూకే యాళ్లకు కూసొని తత్వాలు పాడుతుండె. ఆయన పోయేనాటికి విఠల్‌కు ఇంక సరిగ మాటలు కూడ రాలె. కానీ పట్నం నుంచి వచ్చే ఒక భక్తుడు మైకు పెట్టి ఆ పాటలు పట్టుకున్నడు, పట్టుకొని ఇంటర్‌నెట్‌ల పెట్టిండు.

అప్పట్ల ఇంటర్‌నెట్ మహా సన్నం. అందుకని ఏదో కంపెనీ తయారుచేసిన పద్ధతిల పెట్టిండట. ఆ పద్ధతిల పాట నల్లా నీళ్ల లెక్క వస్తుంటది. వస్తున్నంత సేపు వినాలె, బిందెకు పట్టి దాసుకునేటందుకు లేదు. పైగా ఆ కంపెనీ ప్లేయర్ ఉంటేనే పలుకుతది. ఇప్పుడా ప్లేయర్ ఏ ఫోన్‌ల ఎక్కదు. పాటలైతే ఉన్నయి, ఎవరికీ ఇనపడయి. ఆ భక్తుడు కూడ కాలం చేసిండు. కొడుకు ఫోన్ చేసి, నెలాఖరుకు వెబ్‌సైట్ మూసేస్తున్నం, మా కాడ వేరే కాపీ లేదు, కావాలంటే తీసుకోండ్రి అన్నడు.

విఠల్‌కు తాండూరుల ఇంటర్‌నెట్ సెంటర్ ఉన్నది. ఆ పాటలన్ని ఎట్లనన్న కిందికి దించి, ఎంపీత్రీలు చేసి, అందరి ఫోన్లల్ల ఎయ్యాలని పట్టుపట్టిండు. మంచిదే కదా. కాదని ఎవరంటరు.

దీంట్ల ఇంకో తొందర ఉన్నది. పెద్దస్వామి కాలం శిష్యులల్ల మిగిలింది అంజిలమ్మ ఒక్కతె. మంచం పట్టి లేస్తలేదు. దవాఖానల ఇంటికి తీస్కపొమ్మన్నరు. నేను జావ తీస్కపోయినప్పుడు నా చెయ్యి పట్టుకొని, “ఆ తలుపు లేని ఇంటి పాట ఒక్కసారి ఇని పోతనే శరణా” అన్నది. ఆ మాట విఠల్‌కు చెప్పిన. చెప్పినంక వాడికున్న కాస్త నిద్ర కూడ పోయింది.

పాత సామాన్ల కొట్టు నుంచి ఒక ముసలి కంప్యూటర్ మోసుకొచ్చిండు. దాంట్ల ఆ ప్లేయర్ ఇంక బతికే ఉన్నది, వచ్చే పాటను పట్టి దాసే దొంగ ప్రోగ్రాం ఒకటి కూడ దాంట్ల ఎక్కిచ్చిండు. ఒక్కొక్క పాట దించుడు, మార్చుడు, మళ్ల ఇంకోటి. తెర మీద సన్నటి పట్టీ నిండేదాక దాని ముంగటనే నిలబడుతుండె. కూసుంటే అది ఆగిపోతదన్నట్లు. మఠానికి వచ్చినా మనసంత ఆ పట్టీ మీదనే.

ఒకనాడు అయ్య అడిగిండు. “ఏ పాటల ఉన్నవ్‌రా?”

“పాటల లేనయ్యా, మార్చుడుల ఉన్న. సగం అయినయి.”

“సగం ఇన్నవా?”

“ఇనేటందుకు టైమ్ ఏడిదయ్యా? ముందుగాల దక్కనియ్యి. దక్కినంక జీవితమంత ఇనొచ్చు.”

అయ్య వాడి పళ్లెం వాడి దిక్కు జరిపిండు. “అయితే తిను” అన్నడు. వాడు రెండు ముద్దలు మింగి ఉరికిండు.

మా అయ్య అంతే. బండలు కొట్టి బతికిన మనిషి, మాటలు ఊకె పారేసుకోడు. ఒక్కోసారి నాకే కోపమొస్తది, నాలుగు మాటలు గట్టిగ చెప్పొచ్చు కదా అని.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలె. మా దగ్గర గురువు తత్వం మొత్తం పాడడు. సగం పాదం పాడి ఆపుతడు. తక్కిన సగం కూసున్నోళ్లు అందుకోవాలె. దాన్నే మేము వంత అంటం. ఎవరూ అందుకోకపోతే పాట ఆడనే నిలబడిపోతది, గురువు కూడ ఊకనే కూసుంటడు. పెద్దస్వామి నుంచి, ఆయన గురువు నుంచి, ఇదే తీరు.

విఠల్‌కు ఇది తెలవదా అంటే తెలుసు. పుట్టినకాడి నుంచి చూస్తనే ఉన్నడు. కానీ పాటలన్ని దిగినంక ఒకటి రెండు పెట్టి చూస్తే, వాడికి అన్ని రొదలే ఇనపడ్డయి. ఎవరో దగ్గుతున్నరు, ఎవరో బండ మీద కడవ పెడుతున్నరు, ఆ మీద వంత గొంతులు. ఒకరిది మీదికి, ఒకరిది కిందికి. నడుమ పెద్దస్వామి గొంతు. అసోంటి గొంతు మీద ఈ లొల్లి ఏంది అనుకున్నడు.

కంప్యూటర్‌ల పాట గీతల లెక్క కనపడతదట. పెద్దస్వామి పాడే కాడ సన్నగ, వంత వచ్చే కాడ లావుగ. ఆ లావు గీతలు చూసుకుంట కూసొని వంత అంత తీసేసిండు. కోసి అతికిస్తే పాట ఉరుకుతున్నది, తాళం చెడుతున్నది. అందుకని ఆ జాగలు జాగలుగనే ఉంచి, ఆడ ఉన్న చప్పుడంత మూసిండు. భక్తి ఉన్నోడే చేసే పని ఇది. లేనోడైతే ఉన్నది ఉన్నట్లు వదిలేసేటోడు.

కంప్యూటర్‌ల జాగ నిండిపోయింది. పాతయి తీసేసి, శుభ్రం చేసినయి పెట్టుకున్నడు. నెలాఖరుకు అక్కడ వెబ్‌సైట్ మూతపడ్డది.

తెల్లారి పొద్దుగాల మఠానికి వచ్చినప్పుడు వాడి ముఖం చూడాలె, పెండ్లికొడుకు నడిచినట్లు నడిచొచ్చిండు. నలుగురిని కూసుండబెట్టి, చిన్న స్పీకర్ పెట్టి, ఫోన్ మీద ఏలు ఆనిచ్చిండు.

“తలుపు లేని ఇంటికి తాళమెందుకన్నా...”

పెద్దస్వామి గొంతు. ఇన్నేండ్లకు. నా చేతుల పిండి చేతులనే ఉండిపోయింది. ఏడ్చిన, దాంట్ల దాసుకునేదేమున్నది.

పాదం ఆగింది. తర్వాత ఏం లేదు, తంబూర చప్పుడు కూడ లేదు. కొంచెం సేపటికి మళ్ల పెద్దస్వామి గొంతు ఎత్తుకున్నది. కూసున్నోళ్లందరు ఎంత సాఫుగ ఉన్నదో, ఎదురుంగ కూసొని పాడినట్లే ఉన్నది అన్నరు. అయ్య పాట ఒడిసేదాక ఇన్నడు.

“మిగతోళ్లేరి?”

“తీసేసిన అయ్యా. ఇప్పుడు స్వామి ఒక్కడే ఇనపడతడు.”

“పాతయి ఉన్నయా?”

“లేవు. జాగ లేక తీసేసిన. ఆడ కూడ మూసేసిండ్రు.” చెప్తుంటనే వాడి గొంతు తగ్గింది. “ఎందుకయ్యా? తప్పయిందా?”

అయ్య తువ్వాల తీసి భుజం మీద ఏసుకున్నడు. “అంజిలమ్మ కాడికి పోదాం పద” అన్నడు. నన్ను కూడ రమ్మన్నడు.

తొవ్వంత విఠల్ పది అడుగులు ముందుకు పోవుడు, ఆగుడు, మేము వచ్చేదాక చెప్పు తోని మట్టి గీకుడు. “ఏమన్నడక్కా అయ్య? కోపమొచ్చిందా?” అని నా చెవుల గుసగుస. నాకేం తెలుసు. నడువు అన్న.

అంజిలమ్మ ముఖం పిడికెడంత అయింది. మమ్మల్ని చూసి లేవబోతే కోడలు మెత్త ఎత్తి పెట్టింది.

“తెచ్చినవా కొడుకా?” అన్నది.

“తెచ్చిన అమ్మా.” విఠల్ స్పీకర్ ఆమె చెవి పక్కన పెట్టిండు.

పెద్దస్వామి గొంతు రాంగనే ఆమె కండ్లు మూసుకున్నది. పెదవులు కదిలినయి. పాదం ఆగింది. ఆమె మెత్త మీంచి తల ఎత్తింది, ఎవరో పిలుస్తరని చూసినట్లు. రెండో పాదం వచ్చింది, పోయింది. మళ్ల ఏం లేదు. మూడో పాదం కాడ కండ్లు తెరిచింది.

“ఆయనేడి?”

“ఎవరమ్మా?” అన్నడు విఠల్.

“మా ఆయన. కిష్టప్ప. ఈ పాటకు వంత ఆయనదే కదా. అందరు ఆపినంక కూడ ఒక్కడే లాగుతుండె. స్వామి నవ్వి, కిష్టప్పా, ఇంటికి పోదాం రా ఇగ, అంటుండె. అంత దీంట్లనే ఉండాలె కదా కొడుకా. అది ఇందామనే అడిగిన.”

కిష్టప్ప గనిల పని చేసి, ఊపిరితిత్తులు చెడి ఎప్పుడో పోయిండు. ఫోటో ఒకటి గోడకు ఉన్నది. గొంతు ఆ ఒక్కకాడనే ఉండె. దాన్నే వీడు మూసిండు. నాకు వాణ్ని రెండు పీకాలనిపించింది. వాడి ముఖం చూసినంక ఆ కోపం కూడ నిలవలె.

“ఉంటదమ్మా” అన్నడు లేచి. “ఏడనో ఉంటది. వాళ్ల కొడుకు కంప్యూటర్‌ల ఉంటది. పట్నం పోత. ఇప్పుడే పోత.” ఒక చెప్పుల పెట్టే కాలు ఇంకో చెప్పుల పెడుతున్నడు.

“కూసో” అన్నడు అయ్య.

“పోతే దొరకొచ్చయ్యా.”

“వాళ్ల కాడ లేదనే కదా నిన్ను తీసుకొమ్మన్నరు. కూసో.”

కూసున్నడు. మోకాలు మాత్రం ఊగుతనే ఉన్నది.

“మళ్ల పెట్టు” అన్నడు అయ్య.

“వద్దయ్యా. ఆమె మళ్ల...”

“పెట్టు.”

పెద్దస్వామి సగం పాదం పాడి ఆపిండు. నాకు వంత వచ్చు. నా నోరు దానంతటదే తెరుచుకున్నది. అయ్య నా దిక్కు చూడకుంటనే చెయ్యి అడ్డం పెట్టిండు.

“నువ్వు కాదు” అన్నడు. ఆయన చూపు విఠల్ మీదనే ఉన్నది.

ఆ జాగ పోయింది. ఇంకో పాదం, ఇంకో జాగ. విఠల్ పెదవులు కదిలించి ఊకున్నడు. ఆ జాగ పొడుగెంతనో వాడికి తెలుసు, గీత ఎంత లావో తెలుసు. ఎన్ని దినాలు దాని మీదనే కూసున్నడు. మాట మాత్రం తెలవదు. మఠంల కూసున్నప్పుడు కూడ పది మంది నడుమ ఫోన్ చూసుకుంట పెదవులాడించినోడే.

“నాకు రాదయ్యా” అన్నడు.

పాట సాగుతనే ఉన్నది. పాడుడు, ఆగుడు. ఆ ఆగిన కాడల్ల కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. చివరికి విఠలే చెయ్యి చాపి పాట ఆపిండు. పీట దిగి, మంచం పక్కన కింద కూసున్నడు.

“అమ్మా” అన్నడు, “ఈడ ఆయన ఏమనేటోడు?”

అంజిలమ్మ వాణ్ని చానసేపు చూసింది. గోడ దిక్కు తిరిగి పండుకుంటదేమో అని భయపడ్డ. తిరిగినా న్యాయమే. తిట్టినా న్యాయమే. ఆమె మాత్రం నీళ్లు అడిగింది. కోడలు చెంచతో రెండు గుక్కలు పోసింది.

“తాళమే లేదాయె, తడుములాటెందుకన్నా” అని చదివినట్లు చెప్పింది. తర్వాత తల అడ్డంగ ఊపింది. “అట్ల చెప్తే తెల్వది. తడుములాట కాడ ఆయన గొంతు దిగుతుండె. గనిల మెట్లు దిగినట్లు, ఒక్కొక్కటి.”

పాడింది. గొంతు ఏడుంది పాపం, ఊపిరే సగం. కానీ ఆ దిగుడు, ఆ లాగుడు ఆమెది కాదు, మొగ మనిషిది. నేను కిష్టప్ప వంత ఇన్నదాన్ని.

విఠల్ చెయ్యి గబుక్కున ఫోన్ మీదికి పోయింది. రికార్డు కాడ ఏలు పెట్టబోయిండు. అయ్య ఆ ఫోన్ మీద తన అరచెయ్యి పెట్టిండు.

“ఇదన్న ఉంచుకోనియ్యి అయ్యా” అన్నడు విఠల్. ఏడుపొస్తున్నది వాడికి. “ఇది కూడ పోతే?”

“పోదు” అన్నడు అయ్య. “నోరు తెరువు.”

విఠల్ నోరు తెరిచిండు. మొదటిసారి గొంతే రాలె. రెండోసారి వచ్చింది, వంకర టింకరగ.

అంజిలమ్మ వాడి చెయ్యి పట్టుకొని కిందికి గుంజింది.

“కాదు కొడుకా” అన్నది. “ఇంక కిందికి.”