వెనకాల నడిచిన సన్యాసమ్మ

రాజు లేడు, రాణి లేదు, రాక్షసుడు అంతకన్నా లేడు. అనగనగా ఒక కొండ, కొండ మీద ఒక బడి, బడి వాకిట్లో ఒక ముసలమ్మ. ఇంతే సరుకు. ఇంత చిన్న కథలో ఏముంటుందిలే అనుకోకండి. నేను మొదటిసారి విన్నప్పుడు నోట్లో పెట్టుకోబోయిన ముద్ద చేతిలోనే ఎండిపోయింది. అందుకే ముందే చెబుతున్నా, తింటూ వినకండి.

ఆ బడి అ ఆలు దిద్దించే బడి కాదు. ఎదిగీ ఎదగని పిల్లలు, అటు పసివాళ్ళూ కారు ఇటు పెద్దవాళ్ళూ కారు, వాళ్ళకి మనసు చెదిరిపోతే ఆ రోజుల్లో జనం ఏం చేసేవారు? కొట్టేవారు. కట్టేసేవారు. వేపమండలు పట్టుకుని దయ్యం వదిలించేవారు. మూడూ చేసి, మూడూ దండగైపోయాక, తెచ్చి ఈ కొండ మీద వదిలేసి పోయేవారు.

అక్కడ జగన్నాథం పంతులు పాఠాలు చెప్పేవాడు. కామేశ్వరమ్మ వైద్యం చేసేది. ఇద్దరూ పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆ పిల్లలే లోకంగా బతికారు. ఒక పిల్ల అన్నం మానేస్తే వాళ్ళకీ ముద్ద దిగేది కాదు. రోజూ పొద్దున్నే పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి కామేశ్వరమ్మ మొహాలు చూసేది. ఎవరి కళ్ళు ఎర్రబడ్డాయి, ఎవరు నిద్రపోలేదు, ఎవరు గోళ్ళు కొరుక్కున్నారు, అన్నీ ఆవిడకి తెలిసిపోయేవి.

ముసలమ్మ పేరు సన్యాసమ్మ. వాకిలి ఊడ్చేది, వాకిలి కాసేది. ఆ వాకిలికి తాళం లేదు. తాళం వేస్తే అది బందిఖానా అవుతుందని పంతులు వేయనిచ్చేవాడు కాదు. మరి పిల్లలు పారిపోరా అంటారేమో. పారిపోతారు, ఎందుకు పారిపోరు? పారిపోయినా కేకలు వేయకూడదు, వెంటపడి పట్టుకోకూడదు. అది ఆ బడి పద్ధతి. వెళ్ళేవాళ్ళని వెనకనించి పిలవకూడదని మనవాళ్ళు అంటారు కదా, అక్కడ నిజంగానే ఎవరూ పిలవరు. సన్యాసమ్మ ఒక్కతే చద్దిమూట చంకన పెట్టుకుని వెనకాల నడిచేది. పెద్దల మాట చద్దిమూట అంటారు. ఈవిడ దగ్గర మాట లేదు, మూట ఒక్కటే ఉంది.

మొదట వీర్రాజు పారిపోయాడు. కన్నతండ్రి మీద కత్తిపీట ఎత్తినవాడు వాడు. వచ్చిన మూడోనాడే కొండ దిగి, ఇంటి దారి పట్టి, పెద్ద పెద్ద అంగలు వేస్తూ పోతున్నాడు. వెనకాల సన్యాసమ్మ. పిలవదు, ఆపదు, తిట్టదు. పొద్దు వాలేలోపు ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరిగొచ్చారు.

"ఏం చెప్పి తీసుకొచ్చావు సన్యాసమ్మా?" అన్నాడు పంతులు.

"నానేటి సెప్తాను బాబూ? ఎనకాల నడిసినాను, అంతే."

వీర్రాజుని అడిగారు. వాడు నేలచూపులు చూశాడు తప్ప పెదవి విప్పలేదు.

కొన్నేళ్ళకి రత్తాలు పారిపోయింది. ఆ పిల్ల నోరు తెరిస్తే అబద్ధం. అమ్మ చచ్చిపోయిందని ఊరంతా చెప్పింది, అమ్మ పక్కనే నిలబడి ఉండగా! అలాంటిది జోరువానలో కొండ దిగి పోయింది. వెనకాల సన్యాసమ్మ. పిలవదు, ఆపదు, తిట్టదు. పొద్దు వాలేలోపు ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని తడిసి ముద్దయి వచ్చారు. ఏం జరిగిందని రత్తాలుని అడిగితే, చిత్రం, ఆ పిల్ల ఒక్క అబద్ధమైనా చెప్పలేదు. ఊరుకుంది.

ఇంకా ఎందరో వెళ్ళారు, అందరూ వచ్చారు. ముసలమ్మ చేతిలో ఏదో మహత్తు ఉందనుకున్నారు పంతులూ, కామేశ్వరమ్మా.

ఆ తరవాత చిలకమ్మ వచ్చింది. పేరుకే చిలకమ్మ, పలుకు లేదు. తమ్ముణ్ణి చూస్తూండమని అప్పజెప్పి తల్లి పొలానికి వెళితే, ఆ పసివాడు ఈ పిల్ల కళ్ళముందే ఏట్లో కొట్టుకుపోయాడు. అరవాలనుకుంది, గొంతు రాలేదు. ఆ రోజునించి ఏడాదిపాటు ఆ గొంతు అలాగే ఉండిపోయింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం చిలకమ్మ పాఠం మధ్యలో లేచింది. వాకిలి దాటింది. అందరూ కొండ దిగి ఇంటికేసి పారిపోయేవారు. ఈ పిల్ల కొండ ఎక్కుతోంది. పైన ఇల్లూ లేదు, ఊరూ లేదు. లోయ ఉంది, లోయ అడుగున ఏరుంది.

పంతులు వాకిట్లోకి పరిగెత్తాడు. "పద్ధతీ లేదు, పాడూ లేదు, పట్టుకొద్దాం పద!" అన్నాడు.

కామేశ్వరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "మనం పరిగెడితే అదీ పరిగెడుతుందయ్యా. అంచు ఎంత దూరంలో ఉంది చెప్పు?"

ఇద్దరూ వాకిట్లో కొయ్యబారి నిలబడ్డారు. పిల్ల కొండ ఎక్కుతోంది. వెనకాల సన్యాసమ్మ. పిలవదు, ఆపదు, తిట్టదు. మలుపు తిరిగారు, ఇక కనబడలేదు. ఆ మధ్యాహ్నం ఎంత పొడుగుందో వాళ్ళిద్దరికే తెలుసు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చారు. ముసలమ్మ కుంటుతోంది. చిలకమ్మ తిన్నగా కామేశ్వరమ్మ ముందుకొచ్చి, "మామ్మకి కాలు బెణికిందండీ, కాస్త నూనె కాచి ఇవ్వండి" అంది.

మాట్లాడింది! ఏడాది తరవాత మాట్లాడింది! కామేశ్వరమ్మ నూనె సంగతి మరిచిపోయి బావురుమంది. ఏం జరిగిందని అడిగితే మాత్రం చిలకమ్మ కూడా చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున్న వాకిలి ఊడ్చి, చీపురు గోడకి చేరేసి, అక్కడే కూర్చుని సన్యాసమ్మ ప్రాణం విడిచింది. పదోనాటికి ఎక్కడెక్కడి పిల్లలూ, గడ్డాలు నెరిసినవాళ్ళూ, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళూ, కొండెక్కి వచ్చారు. పంతులు ముసలివాడైపోయాడు. అందరిముందూ చేతులు జోడించాడు.

"నాయనలారా, ఇప్పుడైనా చెప్పండి. ఆవిడ మీకు ఏం చెప్పింది? నేను బతికినన్నాళ్ళూ పాఠాలు చెప్పాను, ఆ ఒక్క మాటా నాకు రాలేదు."

వీర్రాజు లేచాడు. "ఏమీ చెప్పలేదండీ. ఆవిడకి కళ్ళు కనబడవు."

పంతులుకి అర్థం కాలేదు. "ఎవరికి?"

"మామ్మకేనండీ. నా నాటికి మసగ్గా కనబడేది. వాగు దాటుతూ, రాయనుకుని నీళ్ళలో కాలేసి పడిపోయింది. లేవదీశాను. మళ్ళీ పడింది. అలా వదిలేసి ఎలా పోనండీ? చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దిగబెట్టాను. మీకు తెలిస్తే పని మాన్పించేస్తారని చెప్పలేదు."

రత్తాలు నోరు తెరుచుకుని చూసింది. "నీకూ తెలుసా? నాకొక్కదానికే తెలుసనుకున్నాను. నా నాటికి నీడ తప్ప కనబడేది కాదు."

"నా నాటికి నీడ కూడా లేదు. అడుగుల చప్పుడు విని నడిచేది" అంది చిలకమ్మ.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడున్న అందరికీ తెలుసు. ప్రతివాళ్ళూ తమకొక్కరికే తెలుసనుకుని గుండెల్లో దాచుకున్నారు. తెలియనిది పెద్దలిద్దరికే. కామేశ్వరమ్మ గోడకి చేరబడి కూలబడిపోయింది. "ప్రతి పిల్లకీ రోజూ కళ్ళు చూశానే! వాకిట్లో మనిషి కళ్ళు ఒక్కనాడు చూడలేదే! ఆవిడ మిమ్మల్ని తీసుకొస్తోందనుకున్నాను. మీరా ఆవిణ్ణి తీసుకొచ్చింది?"

అప్పుడు చిలకమ్మ చెప్పింది.

"నేను లోయ అంచున ఆగానండీ. మామ్మ ఆగలేదు. నన్ను దాటి ముందుకు పోతోంది. ఇంకొక్క అడుగుంది. 'ఆగు మామ్మా!' అని అరిచాను. గొంతు ఎలా వచ్చిందో నాకు తెలీదు. కొంగు పట్టి లాగితే ఇద్దరం వెనక్కి పడ్డాం. అప్పుడే కాలు బెణికింది. 'ఇక్కడ లోయుందని నీకు తెలీదా మామ్మా?' అని ఏడ్చాను."

"ఏమంది?" అన్నాడు పంతులు.

"'తెల్దేటి తల్లీ, నీల్ల సప్పుడు ఇనపడతానే ఉంది. నువ్వాపుతావో నేదో, అదే తెల్దు' అంది."

ఇప్పటికీ ఆ కొండ చుట్టుపక్కల ఎవరైనా అలిగి ఇల్లు విడిచి పోతే ఎవరూ పిలవరు, ఆపరు, తిట్టరు. ఇంట్లో పెద్దవాళ్ళొకరు చద్దిమూట పట్టుకుని, కళ్ళు మూసుకుని వెనకాల బయల్దేరతారు. దారిలో రాయుందో గుంటుందో వాళ్ళకి తెలీదు. ముందు వెళ్ళేవాళ్ళు ఎంత కోపంలో ఉన్నా, నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "అక్కడ గొయ్యుంది, సూసుకో" అంటారు.