వసంతంలో ఉన్ని వదులుకున్న గొర్రె

నమ్మనివాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లండి! హిమాలయాలను రెండు పగళ్లలో దాటి, ఆకలేస్తే మంచుగడ్డలు మరమరాల్లా నమిలి, చీనా కొండల్లో దిగినవాణ్ణి నేను. అక్కడి జంతువుల మాటలు ఈ చెవులతో విన్నాను. కాదనే మొనగాళ్లుంటే నా ఎదురుగా వచ్చి కూర్చోండి, చూద్దాం.

ఆ లోయలో అప్పుడే మంచు కరిగి పచ్చిక తొంగిచూస్తోంది. వలసపోయే ముసలి కొంగ ఒకటి ఏటా అక్కడ ఆగి, చీనా వైద్యం నాలుగు ముక్కలు చెప్పి పోతుంది. ఆ రోజూ జంతువులన్నీ చుట్టూ చేరాక, ఒంటికాలి మీద నిలబడి మొదలుపెట్టింది.

"వసంతం కాలేయానిది. కోపం తెచ్చుకున్నారా, అది దెబ్బతింటుంది. పులుపు తగ్గించండి, తీపి కాస్త పెంచండి. పొద్దున్నే లేచి, జుట్టు సడలించుకుని, మెల్లగా నడవండి..."

ఇంతలో గట్టు కింద నాలుగు రోజుల గొర్రెపిల్ల ఏడ్చింది. కొంగ మాటలు వింటున్న తల్లి గొర్రె గబుక్కున లేచి, పక్కనున్న నక్కవైపు తిరిగింది.

"నక్క మరిదీ, పిల్లకు చలి. నా ఉన్నిలో దూరితే గానీ ఊరుకోదు. మిగతాది నువ్వు విని చెప్పవూ?"

"అంతకంటేనా వదినా! ఒక్క ముక్క పోనివ్వను."

కొంగ గొంతు పెంచింది. "అసలైంది ఇదే. వసంతంలో శత్రువు గాలి. ఎండ చూసి మోసపోకండి. చలికాలంలో కప్పుకున్నది తొందరపడి తీయకండి." అంతే, ఉత్తరానికి ఎగిరిపోయింది.

నక్క తన గుహలోని తడి రాళ్లను తలుచుకుంది. గొర్రె వీపును తలుచుకుంది. మర్నాడు పొద్దున్నే గట్టు దిగింది.

"వైద్యులుగారు ఇంకా ఏమన్నారు మరిదీ?"

"ఉన్ని ఉన్నవాళ్లు మొత్తం తీసేయాలట వదినా. లేకపోతే లోపల వేడి నిలిచి పాలు విరిగిపోతాయట."

"అయ్యో, పాలా! నా పిల్ల గతేం కాను?"

"అందుకే పరుగెత్తుకొచ్చా. ఎండ చూడు, పెనంలా కాలుతోంది. ఇంకా ఈ మోత దేనికి?"

గొర్రె రోజంతా ముళ్లపొదలకు ఒళ్లు రుద్దుకుంది. చర్మం చీరుకుపోయినా ఆగలేదు. రాలిన ఉన్నితో చీనా దేశమంతటికీ గొంగళ్లు నేయొచ్చు! నక్క ఒక్క పోగు వదలకుండా దాన్ని తన గుహకు చేరవేసుకుంది.

మూడో రోజు గాలి లేచింది. గాలంటే గాలా! దున్నపోతును ఎత్తి పక్క కొండ మీద నిలబెట్టడం నేను చూశాను.

"అమ్మా, నువ్వేదీ?"

"ఇక్కడే ఉన్నా నాన్నా, నీ మీదే ఉన్నా."

"నువ్వు కాదు. వెచ్చగా ఉండే అమ్మ."

గొర్రె పిల్లను మూతితో నెట్టుకుంటూ గుహ దాకా పోయింది.

"మరిదీ, కాస్త ఉన్ని ఇవ్వు. పిల్లకు చుడతాను."

"ఇప్పుడేగా వదినా నా ఒళ్లు కాస్త వెచ్చబడింది!"

"అది నాది! నా పిల్ల పోతోందిరా!"

"అరవకు. కోపం కాలేయానికి మంచిది కాదు. ఈ మాట మాత్రం ఆయన నిజంగానే చెప్పారు."

తెల్లారేసరికి గాలి ఆగింది. పులుల మీసాలు పీకిన నేను, ఆ తల్లి వైపు చూడలేక తల తిప్పుకున్నాను. అది పిల్లను నాకుతూనే ఉంది. "లే నాన్నా, ఎండొచ్చింది" అంటూనే ఉంది.

సగం విన్న వైద్యంలో మిగతా సగాన్ని, మన ఒంటి మీదున్నదానికి ఆశపడ్డవాడి నోట వినకూడదు.

కట్టుకథ అంటారా? నా వెంట కొండలు దాటి వచ్చి, ఆ పిల్లను తన గొంగట్లో చుట్టి పాతిపెట్టిన కురుమాయన ఇంకా బతికే ఉన్నాడు, వెళ్లి అడగండి. పేరు దండు బీరమల్లు.