మగ్గాలు ఆగిన పూట

పేరిందేవమ్మ గారికి ఒక నియమం ఉండేది. ఎవరు ఏ సందేహం అడిగినా, సమాధానానికి ముందు తన పెద్దలను పేరుపేరునా తలచుకొనేవారు. "మా తాతగారు చయనులు గారు కలరా సోకిన ఏడు ఊరు విడువక, దిక్కులేని శవాలకు కులమడగక నిప్పు పెట్టినవారు. మా నాన్నగారు సోమయాజులు గారు తాము పస్తుండి, రోజుకొక ఇంట తిని చదువుకొనే వారాల పిల్లలకు అన్నం పెట్టినవారు. మా మేనత్త రాజ్యలక్ష్మమ్మ లోకం ముఖం చాటేసిన వైధవ్యంలోనే, వంటింటి గడప మీద కూర్చొని ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించినది. నేను చెప్పబోయే దానిలో మంచి ఉంటే అది వారిది, దోషం ఉంటే నాది" అనేవారు. ప్రాచ్య కళాశాలలో ఒక జీవితకాలం పాఠం చెప్పిన ఆ నోట దోషం దొర్లగా విన్నవారు లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఒక సాయంకాలం, ఒకప్పటి శిష్యుడు ఉదయభాస్కరం ఆమె ఎదుట చాప మీద కూర్చొన్నాడు. ఇప్పుడతడు సబ్ ఇన్‌స్పెక్టరు. అంతకు కొన్నాళ్ల క్రితం, వసతిగృహంలో పిచ్చికోపంతో అద్దాలు పగులగొడుతున్న ఒక పిల్లవానిని పట్టుకోమని అతడే తన జవానులను పురమాయించాడు. పట్టుకోవడంలో పిల్లవాని చేయి విరిగింది. "మీవాళ్లు వాడినది కనీస బలమే, బాధపడకు" అని పై అధికారి వెన్ను తట్టాడు. ఆనాటి నుండి భాస్కరానికి నిద్ర లేదు.

"అమ్మగారూ, కనీస బలం అంటారే, అది ఎంత? మళ్లీ అటువంటి పిలుపు వస్తే నేను ఎంతవరకు పోవచ్చు? కొలత చెప్పండి" అన్నాడు.

పేరిందేవమ్మ గారు పెద్దలను తలచుకొన్నారు. తరువాత, తన వద్ద చదువుకొన్న మాణిక్యం ఇంట జరిగిన సంగతి చెప్పారు.

మాణిక్యం నేతవారి కోడలు. ఆ వీథిలో ఇంటింటా, నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి నేసే గుంట మగ్గమే. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టే దాకా టక్కు టక్కుమని ఒకటే మోత. కొత్తవారికి తలనొప్పి, వీథివారికి అది ఊపిరి వంటిది, ఉన్నట్టే తెలియదు. మాణిక్యం కూతురు భద్ర పదమూడేండ్లది. ఒడ్డూ పొడవూ తల్లిని మించినది, మాట మాత్రం నాలుగేండ్ల పిల్లది. అమావాస్యనాడు నేతవారు మగ్గం ముట్టరు. ఆ దినం భద్ర ఇంట నిలిచేది కాదు. తల్లి ఆమెను రైలుకట్ట దాకా నడిపించి, పొద్దు గూకాక తెచ్చేది. ఎందుకని ఎవరూ ఆలోచించలేదు. పిల్ల తీరే అంత అనుకొన్నారు.

ఒకనాటి మధ్యాహ్నం ఎన్నికల గెలుపు ఊరేగింపు ఆ దారిన వచ్చింది. భద్ర కాళ్ల దగ్గరే టపాకాయల దండ పేలింది. పిల్ల ఇంటిలోకి పరుగెత్తి, తండ్రి మగ్గం గుంటలోకి దిగి, చేతికందిన కత్తెరతో పడుగు పోగులు తెగనరికి, తలను మగ్గం కొయ్యకు కొట్టుకోసాగింది. తండ్రి షావుకారు వద్దకు చీరలు అప్పగించడానికి పోయి ఉన్నాడు. తల్లి దగ్గరకు పోతే కత్తెర ఎత్తింది. పిల్ల నుదుట నెత్తురు కనబడింది. పొరుగింటి ఆదిలక్ష్మి "ఇంకా చూస్తావేంటి వదినా, పోలీసులకి ఫోను చెయ్యి, మనవల్ల కాదు" అన్నది. మాణిక్యం చేసింది.

చేసి వచ్చి చూసేసరికి పిల్ల తల కొట్టుకోవడం మానింది. మోకాళ్లు కౌగిలించుకొని ముందుకూ వెనుకకూ ఊగుతోంది. వీథి మగ్గాలు మ్రోగుతూనే ఉన్నాయి. 'అయ్యో, తొందరపడ్డానే' అనుకొన్నది మాణిక్యం. వద్దని చెబుదామని మళ్లీ ఫోను తీసేలోగా జీపు వాకిట ఆగింది.

వచ్చిన ఎస్సై దివాకరం కఠినుడు కాడు. గడపలోనే స్వరం తగ్గించాడు. "పేరేంటమ్మా? భద్రా? భద్రా, తల్లీ, కత్తెర ఇటివ్వమ్మా" అన్నాడు. మోతలో ఆ మాట అతనికే వినబడలేదు. "ఏమిటీ రొద! పిల్ల బెదిరిపోతున్నది దీనికే. ముందు వీథిలో మగ్గాలన్నీ ఆపించండి" అన్నాడు.

అది దయతో ఇచ్చిన ఆజ్ఞ. మాణిక్యం కూడా అవునని తల ఊపింది. పోలీసు మాట గదా, ఒక్కొక్క ఇంటా మోత ఆగిపోయింది.

వీథి మూగవోయింది. భద్ర ఊగడం ఆపింది. చుట్టూ చూసింది. మరుక్షణం ఆ పిల్ల పెట్టిన కేకకు వాకిట నిలిచినవారు రెండడుగులు వెనుకకు వేశారు.

"సార్, ఇంక లాభం లేదు, నేను పట్టుకుంటా" అని కానిస్టేబులు ఓబులేసు గుంట అంచున మోకరిల్లి పిల్ల మణికట్టు దొరకబుచ్చుకొన్నాడు. గాజులు చిట్లి చర్మంలో దిగాయి. పిల్ల కరిచింది. అతడు వదలగానే ఆ పిల్ల గుంట మూలకు ఒదిగి కత్తెర మొన తన గొంతుకే ఆనించుకొన్నది.

"బాబూ, వద్దు! మీకు దండం పెడతా, మీరు వెళ్లిపోండి! నేనే పిలిచాను, నేనే పొమ్మంటున్నాను!" మాణిక్యం ఎస్సై కాళ్లకు అడ్డం పడింది.

"ఇప్పుడు ఎలా పోతామమ్మా? మేం పోయాక పొడుచుకుంటే?" అన్నాడు దివాకరం. ఓబులేసు లాఠీ తీశాడు. చేతి మీద ఒక్క దెబ్బ కొడితే కత్తెర జారుతుందని అతని లెక్క. గురి తప్పితే ఏమవుతుందో అక్కడ ఉన్నవారందరికీ తెలుసు. తలకు పైన మగ్గం కొయ్యలు, పక్కన మట్టి గోడ; లాఠీ తిప్పడానికే చోటు లేదు.

అప్పుడు వినబడింది. వీథి చివర ఒకే ఒక్క మగ్గం. టక్కు. టక్కు. చెవిటి ఎల్లమందకు ఎవరి ఆజ్ఞా చేరలేదు.

భద్ర తల అటు తిరిగింది. కత్తెర మొన గొంతు నుండి వెంట్రుకవాసి కిందికి జరిగింది. దివాకరం చేయి అడ్డం పెట్టి ఓబులేసును ఆపాడు. ఏమిటో అతనికి ఇంకా తెలియదు. మొన జరిగినదని మాత్రం చూశాడు.

ఇంతలో మోత ఆగింది. కత్తెర మళ్లీ గొంతుకు చేరింది. రెండవ కానిస్టేబులు రొప్పుతూ వచ్చి, "చెవిటాయన సార్, పిలిస్తే పలకడు. భుజం తట్టి ఆపించొచ్చాను" అన్నాడు సంతోషంగా.

దివాకరం అతని ముఖం చూశాడు. పిల్ల ముఖం చూశాడు.

"ఆడించమను! పోరా, పరుగెత్తు! ఆయన్నీ, అందరినీ! మగ్గాలు ఆడించమను!"

"ఇప్పుడేగా సార్ ఆపమన్నారు?"

"పొమ్మన్నానా!"

ముందు ఎదురింట మొదలైంది. తరువాత పక్కన. వీథి మళ్లీ మ్రోగింది. దివాకరం టోపీ తీసి, లాఠీలను జీపులో పెట్టించి, ఓబులేసును బయటికి పంపి, గుంటకు దూరంగా నేల మీద చతికిలబడ్డాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. పిల్ల ఊగడం మొదలుపెట్టింది. ఎప్పుడు జారిందో, కత్తెర తెగిన పోగుల మీద పడి ఉన్నది. మాణిక్యం గుంటలోకి దిగి కూతురిని కొంగులో చుట్టుకొన్నది.

ఇంతవరకు చెప్పి పేరిందేవమ్మ గారు మంచినీళ్లు త్రాగారు. "మణికట్టు మాని పోయింది. కాని నేటికీ ఖాకీ చొక్కా కనబడితే, అది ఆటోవానిదైనా సరే, ఆ పిల్ల గుంటలోకి దిగుతుంది" అన్నారు.

భాస్కరం తన ఒంటి మీది చొక్కాను చూసుకొన్నాడు. "అమ్మగారూ, ఆ వీథిలో ఒక చెవిటివాడు ఉన్నాడు గనుక సరిపోయింది. ప్రతిచోటా ఉండడు గదా. బలం కొలత మాత్రం మీరు చెప్పలేదు" అన్నాడు.

"ఓబులేసు పిల్ల చేయి పట్టుకొనక మునుపే ఆ ఇంట బలం వాడారు నాయనా. ఎవరు వాడారో చెప్పు."

అతడు చాప మీది నుండి లేచాడు.

ఆ సాయంకాలం ఆమె శిష్యునికి అప్పగించినది ఈ వృత్తాంతమూ, అతడు చెప్పులు తొడుగుకొంటూ ఉండగా అన్న మరొక మాటా:

"ఈసారి పిలుపు వస్తే, లోపల అడుగు పెట్టే ముందు కాస్త నిలబడు. నీవు వచ్చినందువల్ల అక్కడ ఏది ఆగిపోయిందో విను."